‘ఈ రోజు ప్యాలెస్ మూసేశారు’ అంటే నమ్మకండి: బ్యాంకాక్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు ఉండటంతో బ్యాంకాక్ ప్రయాణం మీద ఉత్తరాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ధరలన్నీ థాయ్ బాట్లలోనే. బాట్‌కు మూడు రూపాయలు లెక్కేసుకుంటే ఖర్చు అంచనా తప్పదు. టికెట్ల ధరలు అప్పుడప్పుడూ పెరుగుతుంటాయి కాబట్టి కాస్త ఎక్కువే చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిపి నలుగురం. చేతిలో మూడు రోజులే ఉన్నాయి. రోజంతా ట్యాక్సీ మాట్లాడుకుని అన్నీ చుట్టేయొచ్చా? (గుంటూరు పాఠకుడు)

రోజంతా ట్యాక్సీ వద్దు. బ్యాంకాక్ ట్రాఫిక్‌లో మీరు చూసేది ఎక్కువగా ముందున్న కారు వెనుక భాగమే. చూడాల్సినవి రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. పాత నగరమంతా చావో ప్రయా నది ఒడ్డున ఉంది: గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి). కొత్త నగరం స్కైట్రైన్ దారి వెంట ఉంది: సియాం, రాచప్రసోంగ్ కూడలి, లుంఫినీ పార్కు, సీలోం. అందుకని ఒక రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి. మొదటి రోజు నది, రెండో రోజు స్కైట్రైన్, మూడో రోజు ఊరి బయట. పొద్దున నది దగ్గర మొదలుపెట్టి, మధ్యాహ్నం సియాంకు వచ్చి, సాయంత్రం మళ్లీ నదికి పోదామనుకుంటే రోడ్ల మీదే పొద్దుపోతుంది.

రైళ్లలో ఒక చిక్కుంది. పైన నడిచే బీటీఎస్ స్కైట్రైన్, ఎక్కువగా భూమి కింద నడిచే ఎమ్మార్టీ వేర్వేరు సంస్థలవి. ఒకదాని టికెట్ రెండోదానిలో పనికిరాదు. ఎమ్మార్టీ గేటు దగ్గర అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకున్న వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే చాలు, కానీ మనిషికో కార్డు కావాలి. ఒకే కార్డుతో నలుగురూ లోపలికి పోదామంటే రెండో మనిషి దగ్గరే గేటు ఆగిపోతుంది. కార్డు లేనివాళ్లకు మెషీన్ దగ్గర టోకెన్ తీసుకోండి.

ప్రశ్న: గ్రాండ్ ప్యాలెస్ దగ్గర చక్కగా బట్టలేసుకున్న ఒకాయన ‘ఈ రోజు మూసేశారు, వేరే గుడి చూపిస్తా’ అన్నాడట. మా బంధువులు అలాగే తిరిగొచ్చారు. నిజంగా మూస్తారా? (వరంగల్ పాఠకురాలు)

ఇది బ్యాంకాక్‌లో దశాబ్దాలుగా నడుస్తున్న మోసం. ఆ మనిషి గేటు దగ్గర ఉండడు. గేటుకు కాస్త దూరంలో, గోడ పక్కన, మీరు దారి వెతుక్కుంటున్న చోట ఉంటాడు. మంచి ఇంగ్లీషు, మెడలో ఏదో గుర్తింపు కార్డు. ‘పొద్దున పూజ ఉంది, మధ్యాహ్నం తెరుస్తారు, అప్పటిదాకా ఈ టుక్‌టుక్ ఎక్కి మూడు గుళ్లు చూడండి, ఇరవై బాట్లే’ అంటాడు. ఆ ఇరవై బాట్లకు పెట్రోలు కూడా రాదు. డ్రైవర్‌కు డబ్బులొచ్చేది దారిలో ఆపే రత్నాల దుకాణం నుంచి, కుట్టు దుకాణం నుంచి. మనిషిని లోపలికి తీసుకెళ్తేనే అతనికి ముట్టేది ముడుతుంది. కొంటే ఇంకా ఎక్కువ. దుకాణంలో ‘ప్రభుత్వ పన్ను లేని అమ్మకం, ఈ రోజే చివరిది, మీ ఊళ్లో రెట్టింపు ధరకు అమ్ముకోవచ్చు’ అని చెబుతారు. రాళ్లు నిజమైనవే కావచ్చు, కానీ విలువ తక్కువవి. అసలు ధరకు ఎన్నో రెట్లు తీసుకుంటారు. పార్శిల్‌లో ఇంటికి పంపిస్తామంటారు, ఊరు దాటేలోగా మీరు ఎవరికీ చూపించుకోకుండా.

ప్యాలెస్ రోజూ ఉదయం 8.30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3.30 వరకు టికెట్లు ఇస్తారు. విదేశీయులకు 500 బాట్లు, 120 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ లేదు. రాజ కుటుంబ కార్యక్రమాలున్న రోజుల్లో కొన్ని భాగాలు మూసే మాట నిజమే, కానీ అది ముందే ప్యాలెస్ అధికారిక వెబ్‌సైట్‌లో పెడతారు. బయట ఎవరేం చెప్పినా నవ్వి, ఉత్తరం వైపు నా ఫ్రా లాన్ రోడ్డు మీదున్న ప్రవేశ ద్వారం దాకా నడవండి. మూసేశారో లేదో చెప్పాల్సింది అక్కడి యూనిఫాం సిబ్బందే. ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్లుంటే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు.

ప్రశ్న: ప్యాలెస్‌లో రామాయణం బొమ్మలున్నాయట. ఎక్కడ? ఎంత సేపు పడుతుంది? (రాజమహేంద్రవరం పాఠకుడు)

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. 500 బాట్లు పెట్టి లోపలికి వెళ్లినవాళ్లలో చాలామంది మరకత బుద్ధుణ్ని చూసి, బంగారు స్తూపం ముందు ఫొటో దిగి, అసలైనదాన్ని దాటుకుని వెళ్లిపోతారు. మరకత బుద్ధుడున్న వాట్ ఫ్రా కేవ్ ఆవరణ చుట్టూ కప్పు వేసిన పొడవాటి వసారా ఉంటుంది. దాని గోడ పొడుగునా 178 చిత్రాల్లో మొత్తం కథ గీశారు. వాళ్లు దాన్ని రామకియన్ అంటారు. 1782లో బ్యాంకాక్‌ను రాజధాని చేసుకున్న థాయ్ రాజు మొదటి రామ కాలంలో మొదలైన చిత్రాలివి. తేమకు రంగులు పాడవుతుంటాయి కాబట్టి తర్వాత ఎన్నోసార్లు మళ్లీ గీశారు.

చూసే పద్ధతి ఇది. ఉత్తరం వైపు, విహాన్ యోట్ అనే మందిరానికి ఎదురుగా ఒకటో నంబరు చిత్రం ఉంటుంది. జనకుడికి సీత దొరకడంతో కథ మొదలు. అక్కణ్నుంచి ప్రదక్షిణగా కుడిచేతి వైపు తిరుగుతూ పోవాలి. మధ్యలో ఎక్కడో ఎక్కితే కథ అడ్డదిడ్డంగా ఉంటుంది. అన్నీ చూడటానికి గంట, ముఖ్యమైనవి చూస్తే అరగంట. బొమ్మల్లో మనుషుల్ని రంగుతో పోల్చుకోండి: రాముడు ఆకుపచ్చ, లక్ష్మణుడు బంగారు పసుపు, హనుమంతుడు తెలుపు, సుగ్రీవుడు ఎరుపు. రావణుణ్ని తోసకన్ అంటారు, అంటే మన దశకంఠుడే. అతనిదీ ఆకుపచ్చ రంగే కాబట్టి తలల దొంతర చూసుకోండి.

మన కథతో పోల్చి చూస్తే సరదా ఎక్కువ. అక్కడ సీత రావణుడి కూతురే, పుట్టగానే వదిలేసిన బిడ్డ. హనుమంతుడు బ్రహ్మచారి కాదు. వారధి కడుతుంటే రాళ్లు మాయం చేస్తున్న మత్స్యకన్య సుపన్నమచ్ఛ తోసకన్ కూతురు. ఆమెతో హనుమంతుడికి ప్రేమ, ఒక కొడుకు కూడా. తెలుగువాళ్లకు బాగా తెలిసిన మైరావణ కథ ఇక్కడ ఘనంగా ఉంది. వాళ్లు మైయరాప్ అంటారు. రాముణ్ని ఎత్తుకుపోకుండా కాపాడేందుకు కొండంత పెరిగిన తెల్లని హనుమంతుడు రాముడున్న మందిరాన్నే నోట్లో పెట్టుకుని కూర్చున్న బొమ్మ కోసం వెతకండి. పెద్ద చిత్రం, దాటిపోయే అవకాశం తక్కువ. కొంచెం దగ్గరికెళ్లి చూస్తే కిరీటాల మీద, ప్రాకారాల మీద నిజం బంగారు రేకు అతికించి ఉండటం, చిత్రం అంచుల్లో సైనికులు వంట చేసుకోవడం, కునికిపాట్లు పడటం కనిపిస్తాయి. గోడను ముట్టుకోకూడదు. వసారాలో ఫొటోలు తీసుకోవచ్చు, మరకత బుద్ధుడి గర్భగుడిలో కూడదు.

ఆ బుద్ధుడి ఎత్తు 66 సెంటీమీటర్లే, చాలా పైన ఉంటాడు. పేరు మరకతం అయినా అది నిజం మరకతం కాదు, జేడ్ లాంటి పచ్చని రాయి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మారినప్పుడల్లా రాజే స్వయంగా వస్త్రాలు మారుస్తాడు. పెద్దవాళ్లకు కనపడటం కష్టం, చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి.

ప్రశ్న: చీర కట్టుకుని వెళ్లొచ్చా? (నెల్లూరు పాఠకురాలు)

వెళ్లొచ్చు. చేతులున్న జాకెట్ వేసుకోండి. స్లీవ్‌లెస్ అయితే పైట భుజం చుట్టూ కప్పుకున్నా గేటు దగ్గర ఆపే అవకాశముంది. పంజాబీ డ్రెస్ అన్నిటికన్నా సుఖం. మగవాళ్లు షార్ట్స్ వేసుకోకూడదు, చిరుగుల జీన్స్, బిగుతు లెగ్గింగ్స్ కూడా కుదరవు. మరిచిపోయి వెళ్లినవాళ్ల కోసం ఏనుగుల బొమ్మలున్న వదులు ప్యాంట్లు ఎదురుగానే అమ్ముతారు, గేటుకు ఎంత దగ్గరైతే ధర అంత ఎక్కువ. లేసులున్న బూట్లు వద్దు, గుడి గుడికీ విప్పాలి.

ప్రశ్న: పడవలో వెళ్లమంటారు గానీ రేవులో నాలుగు రకాల పడవలున్నాయి. ఏది ఎక్కాలి? (విశాఖపట్నం పాఠకుడు)

సఫాన్ తక్సిన్ బీటీఎస్ స్టేషన్ దిగితే కిందే సాథోన్ రేవు. అక్కడ ముందుగా కనిపించేది పర్యాటకుల నీలం జెండా పడవ టికెట్ల బల్ల. అది మోసం కాదు, కాకపోతే ఖరీదు ఎక్కువ. మీకు కావాల్సింది నారింజ జెండా ఎక్స్‌ప్రెస్ పడవ. ఎంత దూరమైనా 16 బాట్లు. చిల్లర నోట్లు చేతిలో పెట్టుకోండి. పడవలో కండక్టర్ పొడవాటి ఇనప డబ్బా టకటకలాడిస్తూ వస్తుంది, అందులోనే డబ్బులు, టికెట్ల చుట్టలు. ప్యాలెస్‌కు తా చాంగ్ రేవులో దిగాలి. దాదాపు అరగంట ప్రయాణం, రేవు నుంచి గేటుకు ఐదారు నిమిషాల నడక.

ఇబ్బంది వచ్చేది దిగేటప్పుడు. పడవను తాళ్లతో గట్టిగా కట్టరు. వెనుక నిలబడ్డ మనిషి ఈల వేస్తాడు, పడవ రేవులోని తేలే బల్లను రాసుకుని కొన్ని క్షణాలు ఆగుతుంది, మళ్లీ ఈల. దిగాల్సిన రేవుకు ముందు రేవు దాటగానే లేచి వెనక్కి రండి. పెద్దవాళ్లను ముందు దింపండి. వెనుక భాగంలో బౌద్ధ భిక్షువులకు చోటు వదులుతారు. ఆడవాళ్లు వాళ్లను తగలకుండా దూరంగా నిలబడాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ గెంతులు వద్దు. ఎమ్మార్టీ నీలం లైన్‌లో సనాం చాయ్ స్టేషన్‌లో దిగండి. 2019లో తెరిచారు, లిఫ్టులున్నాయి, అక్కణ్నుంచి వాట్ ఫో ఐదు నిమిషాలు.

ప్రశ్న: వాట్ ఫో, వాట్ అరుణ్ కూడా అదే రోజు అవుతాయా? (తిరుపతి పాఠకురాలు)

వరుస తప్పకపోతే అవుతాయి. 8.30కి ప్యాలెస్ గేటు దగ్గరుండండి. పది దాటితే టూర్ బస్సుల జనం, ఎండ రెండూ ఒకేసారి వస్తాయి. 11కు బయటపడి దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే వాట్ ఫో, టికెట్ 300 బాట్లు. పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. తల వైపు అందరూ గుమిగూడతారు గానీ పాదాల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు. వెనుక వైపు 108 కంచు గిన్నెల వరుస ఉంటుంది. 20 బాట్లకు ఒక దోసెడు చిల్లర నాణాలు ఇస్తారు, గిన్నెకొకటి వేసుకుంటూ పోవచ్చు. ఆ టింగు టింగు శబ్దం హాలంతా వినిపిస్తుంటుంది. థాయ్ మర్దన నేర్పే ప్రసిద్ధ పాఠశాల ఈ ఆవరణలోనే ఉంది. పొద్దుటి నుంచి నడిచిన పెద్దవాళ్లకు పాదాల మర్దన చేయించి మధ్యాహ్నపు ఎండను అక్కడే గడిపేయడం మంచి పని.

మూడు దాటాక ఎదురుగా తా తియన్ రేవుకు వెళ్లి అడ్డ పడవ ఎక్కితే 5 బాట్లకు అవతలి ఒడ్డున వాట్ అరుణ్. సూర్యుడి సారథి అరుణుడి పేరు మీద కట్టిన గుడి, 200 బాట్లు, సాయంత్రం 6 వరకు. గోపురమంతా పింగాణీ ముక్కలు, గవ్వలు అతికించి చేసిన పూలే. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. ఎక్కడం సులువే, దిగేటప్పుడు కాళ్లు వణుకుతాయి. పెద్దవాళ్లు కింది నుంచి చూస్తే చాలు, పింగాణీ పని అక్కడా అంతే బాగుంటుంది. సూర్యాస్తమయం ఫొటో కావాలంటే గుడిలో ఉండిపోకండి, తిరిగి తా తియన్ ఒడ్డుకు రండి.

ప్రశ్న: మేం శాకాహారులం. నూడుల్స్‌లో కూరగాయలే వేశామంటే తినొచ్చా? (విజయవాడ పాఠకురాలు)

అంత మాట మీద తినకండి. ముక్కలు కూరగాయలే అయినా పులుసు ఎముకలతో కాచింది కావచ్చు. ఉప్పు బదులు చేపల రసం నామ్ ప్లా, ఆ పైన ఆయిస్టర్ సాస్ వేస్తారు. బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో, పాడ్ థాయ్‌లో ఎండు రొయ్యలు కనపడకుండా దంచి ఉంటాయి. వాళ్లు అబద్ధం చెప్పరు, మాంసం లేదంటే మాంసం ముక్క లేదని అర్థం, అంతే.

చెప్పాల్సిన మాట ‘కిన్ జే’, అంటే పూర్తి శాకాహారమే తింటామని. పసుపు జెండా మీద ఎర్రటి జే గుర్తున్న కొట్లలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. తిండిలో ఇలాంటి నియమాలున్నవాళ్లకు ఇబ్బంది లేదు. మామూలు కొట్లో అయితే ‘మై సాయ్ నామ్ ప్లా’ (చేపల రసం వేయొద్దు), ‘మై సాయ్ ఖై’ (గుడ్డు వద్దు), ‘మై సాయ్ కుంగ్ హేంగ్’ (ఎండు రొయ్యలు వద్దు) అని చెప్పండి. మామిడిపండు, కొబ్బరిపాలు, జిగురు బియ్యంతో చేసే ఖావ్ నియావ్ మమువాంగ్ ఎక్కడైనా నిశ్చింతగా తినొచ్చు.

మన భోజనం కావాలంటే ఎమ్మార్టీ సామ్ యోట్ స్టేషన్ దగ్గరి ఫాహురత్. పంజాబీ బట్టల కొట్ల మధ్య శాకాహార హోటళ్లు, బంగారు గుమ్మటం గురుద్వారా ఉన్నాయి. దక్షిణాది ఇడ్లీ, దోసెల కోసం సీలోంలో మారియమ్మన్ గుడి పక్క వీధి చూడండి.

ప్రశ్న: అక్కడ బ్రహ్మదేవుడి గుడి ప్రసిద్ధమట కదా? (కరీంనగర్ పాఠకుడు)

చిట్ లోమ్ బీటీఎస్ దిగితే రాచప్రసోంగ్ కూడలి మూల మీద ఎరవాన్ మందిరం. హోటల్ నిర్మాణంలో వరుసగా ఆటంకాలొస్తే 1956లో నాలుగు ముఖాల బ్రహ్మను ప్రతిష్ఠించారు. బంతిపూల దండలు, చెక్క ఏనుగులు సమర్పిస్తారు. కోరిక తీరినవాళ్లు డబ్బు కట్టి నాట్యం చేయిస్తారు, అది చూడటానికి టికెట్ ఏమీ లేదు. కూడలి చుట్టూ నడిస్తే ఇంద్రుడు, గరుడ వాహనం మీద నారాయణుడు, సెంట్రల్‌వరల్డ్ ముందు వినాయకుడు, త్రిమూర్తి. గురువారం రాత్రి 9.30కు త్రిమూర్తి దగ్గర ఎర్ర గులాబీలు పట్టుకుని నిలబడే కుర్రకారు ప్రేమ కోసం మొక్కుతుంటారు. సీలోంలోని మారియమ్మన్ గుడి 1879 నాటిది, తమిళులు కట్టింది. విజయదశమి రాత్రి ఊరేగింపుకు సీలోం రోడ్డు మూసేస్తారు, ఆ రోజు ఆ వైపు హోటల్ తీసుకుంటే సూట్‌కేసు మోసుకుంటూ నడవాల్సి వస్తుంది.

ప్రశ్న: నీటి మీద సంత చూడాలని ఉంది. డమ్నోన్ సదువాక్ వెళ్లాలా? (అనంతపురం పాఠకుడు)

మా ఓటు దానికి కాదు. బ్యాంకాక్‌కు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు అంతా పర్యాటకుల కోసమే నడుస్తుంది. వెళ్లేట్టయితే ఒక జాగ్రత్త: డ్రైవర్లు సంతకు రాకముందే దారిలో ప్రైవేటు రేవు దగ్గర ఆపి, ఇక్కణ్నుంచే పడవ ఎక్కాలంటారు. అక్కడ మనిషికి వేలల్లో అడుగుతారు. సంత దాకా తీసుకెళ్లమనండి, కాలువ గట్టు మీద ఊరికే నడిచి చూడొచ్చు. మేక్లోంగ్‌లో పట్టాల మీది కూరగాయల బజారు ఆ దారిలోనే ఉంది, రైలొచ్చే ముందు పందిళ్లు మడిచేస్తారు. రైలు వేళలు తెలుసుకునే బయల్దేరండి, రైలు లేనప్పుడు అది మామూలు రైతుబజారే.

మీ ప్రయాణంలో శని, ఆదివారాలుంటే నగరం పశ్చిమాన ఖ్లోంగ్ లాట్ మయోమ్ మేలు. అక్కడికి వచ్చేది తినడానికొచ్చే బ్యాంకాక్ కుటుంబాలే. శుక్రవారం నుంచి ఆదివారం దాకా సాయంత్రం పూట అయితే అంఫవా. సంత మీద మోజు లేకపోతే మూడో రోజును రైల్లో అయుత్తయకు కేటాయించండి. అయోధ్య పేరు పెట్టుకున్న పాత రాజధాని, 1767లో బర్మా సైన్యం నాశనం చేసింది. వాట్ మహాథాట్‌లో చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తల దగ్గర ఫొటో దిగేటప్పుడు కింద కూర్చోవాలి, మీ తల బుద్ధుడి తలకన్నా పైన ఉంటే కాపలావాళ్లు కేకేస్తారు.

ప్రశ్న: పిల్లలకు ఖర్చు లేకుండా ఏం చూపించాలి? (ఖమ్మం పాఠకురాలు)

లుంఫినీ పార్కు చెరువు గట్టున తిరిగే పెద్ద పెద్ద ఉడుములు. పొద్దున్నే వెళ్లండి, తిండి పెట్టకండి.

ప్రశ్న: ఏ నెల మంచిది? విమానాశ్రయంలో ఏం చూసుకోవాలి? (హైదరాబాద్ పాఠకుడు)

నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్ మన విజయవాడ ఎండకు తీసిపోదు. 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ నీళ్ల పండగ, ఫోను ప్లాస్టిక్ సంచిలో ఉండాల్సిందే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు ఎక్కువ.

బ్యాంకాక్‌కు రెండు విమానాశ్రయాలు. టికెట్ మీద బీకేకే అంటే సువర్ణభూమి, డీఎంకే అంటే తమిళనాడు పార్టీ కాదు, డాన్ మువాంగ్. వెళ్లేది ఒకటి, వచ్చేది ఇంకొకటి కావచ్చు, రెండింటి మధ్య నగరమే ఉంది. సువర్ణభూమి నుంచి ఫాయా థాయ్ దాకా రైలుంది, 45 బాట్లు, అరగంట లోపే. ట్యాక్సీ అయితే కింది అంతస్తులో మెషీన్ ఇచ్చే చీటీ తీసుకుని ఆ నంబరు దగ్గరికి వెళ్లండి, చీటీ దిగేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. మీటరు 35 బాట్లతో మొదలవుతుంది, విమానాశ్రయ రుసుం 50, టోల్ కూడా మీరే కట్టాలి. మీటరు వేయనంటే దిగిపోయి ఇంకోటి చూసుకోండి, వాదన వద్దు.

2025 మే 1 నుంచి అందరూ డిజిటల్ రాక కార్డు నింపాలి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి థాయ్ ఇమిగ్రేషన్ సైట్‌లో నింపొచ్చు, ఉచితం. డబ్బులడిగే సైటు ఏదైనా అసలుది కాదు. వీసా నిబంధనలు ఈ మధ్య తరచూ మారుతున్నాయి, టికెట్ కొనేముందు రాయబార కార్యాలయం సైట్ చూడండి. ఈ-సిగరెట్ ఆ దేశంలో నేరం, సంచిలో ఉంటే ఇంట్లోనే తీసి పెట్టండి. రాజు గురించి సరదాకైనా చెడు మాట, పోస్టు వద్దు, దానికి జైలే. ఉదయం 8, సాయంత్రం 6 గంటలకు స్టేషన్లలో, పార్కుల్లో జాతీయ గీతం వినిపిస్తే అందరితో పాటు ఉన్నచోటే నిలబడండి.